ముప్ఫై లేయర్లు వరసగా కదలాలంటే ముప్ఫైసార్లు జరపక్కర్లేదు: ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఎక్స్‌ప్రెషన్లతో నా పద్ధతి

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ గురించి గుణుపూర్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. పెళ్లి ఇన్విటేషన్ వీడియోలో మామిడి తోరణం ఉంది, మొత్తం 21 ఆకులు. ఒక్కో ఆకూ పైనుంచి దిగి, ఒకదాని తర్వాత ఒకటి దారం మీద నిలబడాలి. ఇప్పుడాయన కీఫ్రేములు (ఏ క్షణంలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు) కాపీ చేసి, ప్రతి లేయర్‌నీ (ఒక్కో ఆకూ ఒక్కో లేయర్) మూడేసి ఫ్రేముల చొప్పున చేత్తో జరుపుతున్నారు. కస్టమర్ "కొంచెం ఫాస్ట్‌గా రావాలండీ" అనగానే పని మళ్లీ మొదటికొస్తోంది. ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే కదలికని లెక్కగట్టే చిన్న కోడ్‌తో, అవుతుందని విని, నెట్‌లో దొరికిన ఒక లైను పేస్ట్ చేస్తే ఆకులన్నీ ఒకే చోట కుప్పపడ్డాయట. పైగా సిస్టమ్ నత్తనడక నడుస్తోందట.

అవుతుందండీ, హాయిగా అవుతుంది. ఒక్క లేయర్‌కే కీఫ్రేములు పెట్టండి. మిగతావన్నీ దాన్ని కొంత ఆలస్యంగా చదువుకోవాలి. ఆ ఆలస్యం ఎంతో ఒకే ఒక్క స్లైడర్‌లో, అంటే అంకె మార్చుకునే ఒక మీటలో, ఉండాలి. కుప్పపడటానికి కారణం కూడా చిన్నదే. మీరు పేస్ట్ చేసిన లైను తన ముందున్న లేయర్ "ఎంత కదిలింది" అని అడగడం లేదు, "ఎక్కడ ఉంది" అని అడుగుతోంది. ఆ తేడా అర్థమైతే మిగతాదంతా తేలిక.

నేను పర్లాకిమిడిలో పద్నాలుగేళ్లుగా ఎడిటింగ్ షాపు నడుపుతున్నాను. తెలుగు పెళ్లిళ్లు, ఒడియా పెళ్లిళ్లు, జాతర్లకి ఎల్‌ఈడీ స్క్రీన్ మీద వేసే వీడియోలు, అప్పుడప్పుడు స్కూళ్లకి చిన్న చిన్న యానిమేషన్లు, ఇవీ మా పనులు. ఈ సమాధానం ఫోన్‌లోంచి తెలుగు కీబోర్డుతో రాస్తున్నాను కాబట్టి కోడ్‌ని పక్కన కూర్చుని చదివి వినిపించినట్టు మాటల్లోనే చెబుతాను. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, క్యాపిటల్ అక్షరాల లెక్క తప్పకుండా ఉండాలి. "వాల్యూ ఎట్ టైమ్" అన్నది మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాట. అందులో ఎట్, టైమ్ రెండింటికీ మొదటి అక్షరం క్యాపిటల్, వాల్యూకి మాత్రం చిన్నది. "థిస్ కాంప్"లో కాంప్‌కి, "ఫ్రేమ్ డ్యూరేషన్"లో డ్యూరేషన్‌కి, "నమ్ కీస్"లో కీస్‌కి కూడా అంతే. నా దగ్గర నేర్చుకోడానికి వచ్చిన పిల్లలకి వచ్చే ఎర్రర్లలో సగం ఇక్కడివే.

ముందు ఆ కుప్ప సంగతి

నెట్‌లో ఎక్కువగా దొరికే లైను ఇలా ఉంటుంది: థిస్ కాంప్‌లో, అంటే ఈ కంపోజిషన్‌లో, నా నంబర్ కంటే ఒకటి తక్కువ ఉన్న లేయర్‌ని తీసుకో, దాని పొజిషన్‌ని ఇప్పటి టైమ్‌కి 0.1 సెకను వెనక్కి వెళ్లి చదువు. లేయర్ నంబర్లు టైమ్‌లైన్‌లో పైనుంచి ఒకటి, రెండు, మూడు అని వస్తాయి కాబట్టి ప్రతి లేయరూ తన పైదాన్ని అనుసరిస్తుంది. పైదాని నడక ఆగిందా, కిందివన్నీ సరిగ్గా అది నిలబడ్డ చోటికే వచ్చి దాని మీదే ఆగుతాయి.

ఇది తప్పుడు లైనేమీ కాదు, వేరే పనికి పనికొచ్చేది. నౌపడ నుంచి గుణుపూర్ వచ్చే రైలు పెట్టెల్ని తలుచుకోండి. అన్నీ ఒకే పట్టా మీద నడుస్తాయి, ఇంజను వెళ్లిన దారిలోనే వెళ్తాయి. గాలిపటం తోక, చీమల బారు, మెరుపు వెనక వచ్చే చుక్కలు, ఇలాంటివాటికి ఆ లైను చక్కగా సరిపోతుంది. తోరణంలో ఆకుల సంగతి వేరు. ఏ ఆకు చోటు దానిదే. కదలిక ఒకటే, చోట్లు మాత్రం 21.

రైలు మాట వచ్చింది కాబట్టి నాకు ఎదురైన ఒక ఇబ్బంది కూడా చెప్పేస్తాను. 1900లో నౌపడకీ పర్లాకిమిడికీ మధ్య మొదలైన మా పాత చిన్న రైలు మీద ఒక స్కూలు పిల్లల కోసం రెండు నిమిషాల వీడియో చేశాను. మ్యాప్ మీద ఇంజను, దాని వెనక అయిదు పెట్టెలు. ఇంజనుకి కీఫ్రేములు పెట్టి, పెట్టెలన్నిటికీ ఆ ఆలస్యం లైను వేశాను. దారి పొడవునా బాగానే నడిచింది. స్టేషను దగ్గర ఇంజను స్లో అయ్యేసరికి పెట్టెలు ఒకదాని మీదికొకటి ఎక్కడం మొదలుపెట్టాయి. బండి ఆగాక చూస్తే ఆరు బొమ్మలూ ఒకే చోట ఉన్నాయి! ఎందుకంటే మనం ఇచ్చిన ఎడం టైమ్‌లో ఉంది, దూరంలో కాదు. వేగం తగ్గితే అదే 0.1 సెకనుకి దూరం కూడా తగ్గిపోతుంది. అలాంటి పనికి దారిని షేప్ లేయర్ మీద పాత్‌గా గీసుకుని, "పాయింట్ ఆన్ పాత్" అనే ఫంక్షన్ వాడాలి. అది పాత్ పొడవులో ఎన్నో వంతు దగ్గర ఏ బిందువు ఉందో చెబుతుంది. ఇంజను 0.50 దగ్గర ఉంటే మొదటి పెట్టె 0.46, తర్వాతది 0.42. అప్పుడు బండి ఆగినా పెట్టెల మధ్య ఎడం చెక్కుచెదరదు.

ఇప్పుడు తోరణం

మొదట ఆకులన్నిటినీ చివరికి అవి ఎక్కడ ఉండాలో అక్కడే అందంగా పేర్చుకోండి. యానిమేషన్ గురించి అప్పుడే ఆలోచించకండి. దారం కొంచెం వంగి ఉంటే ఆకులు కూడా ఆ వంపుని బట్టే ఉండాలి. డిజైన్ పూర్తయ్యాక ఆ ఫ్రేము చూసి కస్టమరు "బాగుంది" అనాలి. ఆ తర్వాతే కదలిక.

టైమ్‌లైన్‌లో ఆకు లేయర్లన్నిటికీ సరిగ్గా పైన ఒక నల్ (వీడియోలో కనబడని ఖాళీ లేయర్) పెట్టండి. దానికి "నాయకుడు" అనే అర్థం వచ్చే పేరేదైనా ఇవ్వండి. నేను లీడర్ అని పెడతాను. ఈ నల్ పొజిషన్‌కి రెండే కీఫ్రేములు: మొదటిది పైన, రెండోది దానికి 400 పిక్సెళ్లు కింద, మధ్య 15 ఫ్రేములు. దిగడం ఎంత మెత్తగా ఉండాలో గ్రాఫ్ ఎడిటర్‌లో ఇక్కడే సరిచూసుకోండి. ఆకులు చదివేది ఈ గ్రాఫునే కాబట్టి మళ్లీ ఎక్కడా ఈజ్ (కదలికని మెత్తబరచడం) వేయక్కర్లేదు. ఇదే నల్ మీద ఎఫెక్ట్స్‌లోంచి ఒక స్లైడర్ కంట్రోల్ వేసి, దానికి 3 ఇవ్వండి. ఆలస్యం మూడు ఫ్రేములన్నమాట.

తర్వాత మొదటి ఆకు పొజిషన్ పక్కనున్న స్టాప్‌వాచ్ మీద ఆల్ట్ నొక్కి క్లిక్ చేయండి, మ్యాక్ అయితే ఆప్షన్. ఎక్స్‌ప్రెషన్ గడి తెరుచుకుంటుంది. అందులో నాలుగు లైన్లు:

మొదటి లైను: పి అంటే లీడర్ పొజిషన్. ఇది టైప్ చేయకుండా పిక్‌విప్‌తో (ఎక్స్‌ప్రెషన్ పక్కనుండే చుట్ట గుర్తుతో) లాగి లీడర్ పొజిషన్ మీద వదలండి, అదే రాసుకుంటుంది.

రెండో లైను: డి అంటే స్లైడర్ విలువ ఇంటూ థిస్ కాంప్ డాట్ ఫ్రేమ్ డ్యూరేషన్. స్లైడర్‌ని కూడా పిక్‌విప్‌తోనే లాగండి.

మూడో లైను: ఎన్ అంటే నా ఇండెక్స్ (లేయర్ నంబరు) మైనస్ లీడర్ ఇండెక్స్ మైనస్ 1. మొదటి ఆకుకి ఇది సున్నా, రెండోదానికి 1, ఇరవై ఒకటో ఆకుకి 20.

నాలుగో లైను, ప్రాణమంతా ఇందులోనే ఉంది: వాల్యూ ప్లస్, పి డాట్ వాల్యూ ఎట్ టైమ్ బ్రాకెట్‌లో టైమ్ మైనస్ ఎన్ ఇంటూ డి, మైనస్, పి చివరి కీఫ్రేము విలువ. ఆ చివరి విలువని పి డాట్ కీ, బ్రాకెట్‌లో పి డాట్ నమ్ కీస్, బయట డాట్ వాల్యూ అని అడగాలి.

నాలుగో లైనులో మొదట ఉన్న "వాల్యూ" అంటే ఆ ఆకు సొంత చోటు, మీరు పేర్చి పెట్టుకున్నది. దానికి కలుపుతున్నది లీడర్ ఉన్న చోటు కాదు, లీడర్ తన గమ్యానికి ఇంకా ఎంత దూరంలో ఉందన్న తేడా. లీడర్ ఇంకా 400 పిక్సెళ్లు పైన ఉంటే ఆకు కూడా తన చోటుకి 400 పైన ఉంటుంది. లీడర్ చేరిపోతే తేడా సున్నా, ఆకు తన చోట్లో ఉంటుంది. లీడర్ తెరమీద ఏ మూలన ఉన్నా పట్టింపు లేదు. ఇదొక్కటి పట్టుబడితే కుప్పపడటం అన్న సమస్య ఇంక ఉండదు.

ఈ ఎక్స్‌ప్రెషన్‌ని మొదటి ఆకు మీద పెట్టి, పొజిషన్ మీద రైట్ క్లిక్ చేసి "కాపీ ఎక్స్‌ప్రెషన్ ఓన్లీ" నొక్కండి. మిగతా 20 ఆకుల్నీ సెలెక్ట్ చేసి పేస్ట్ చేయండి. ఆకుల చోట్లు మారవు, ఎక్స్‌ప్రెషన్ మాత్రమే వెళ్తుంది. మామూలు కాపీ కొడితే పొజిషన్ విలువ కూడా వెళ్లి అన్నీ మళ్లీ ఒక్క చోటికి చేరతాయి, అది చూసుకోండి.

లీడర్ ఇండెక్స్‌ని ఎందుకు తీసేశాం? ఉత్త ఇండెక్స్ వాడితే, రేపు మీరు పైన ఒక లోగో లేయరో, ఒక అడ్జస్ట్‌మెంట్ లేయరో పెట్టగానే అన్ని నంబర్లూ ఒకటి పెరుగుతాయి, టైమింగ్ అంతా జరిగిపోతుంది. సన్నాయి మేళానికి కట్టిన టైమింగ్ అలా జరిగితే ఎక్కడ తప్పిందో దొరకదు. లీడర్ నుంచి లెక్కపెడితే పైన ఎన్ని లేయర్లు వచ్చినా బాధ లేదు. లీడర్‌కీ ఆకులకీ మధ్యలో మాత్రం వేరే లేయర్ దూరకూడదు. నేను ఆ గుంపుకి మొత్తం ఒకే లేబుల్ రంగు ఇచ్చి పెట్టుకుంటాను.

0.1 సెకను అని ఎందుకు రాయకూడదు? మనం ఎక్కువగా సెకనుకి 25 ఫ్రేముల్లో పనిచేస్తాం. అప్పుడు ఒక ఫ్రేము 0.04 సెకను. 0.1 అంటే రెండున్నర ఫ్రేములు. మెత్తగా జారే కదలికలో ఇది తెలియదు కానీ, టక్కున కనబడే కదలికల్లో, హోల్డ్ కీఫ్రేముల్లో (మధ్యలో జారకుండా ఒక్కసారిగా విలువ మార్చేవి), ఒక ఎడం రెండు ఫ్రేములు, తర్వాతది మూడు, మళ్లీ రెండు... ఇలా పడుతుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ ఏదో కుంటుతున్నట్టు అనిపిస్తుంది. ఫ్రేమ్ డ్యూరేషన్‌తో గుణిస్తే ఎప్పుడూ పూర్తి ఫ్రేములే వస్తాయి. స్లైడర్‌లో కూడా పూర్ణసంఖ్యలే పెట్టండి.

ఎంత ఆలస్యం బాగుంటుంది? మీరు చెప్పిన లెక్కే చూద్దాం. 21 ఆకులు, మూడేసి ఫ్రేములు. చివరి ఆకు 60 ఫ్రేముల తర్వాత బయల్దేరుతుంది, దాని ప్రయాణం 15 ఫ్రేములు, మొత్తం 75. అంటే సరిగ్గా మూడు సెకన్లు. అరనిమిషం వాట్సాప్ వీడియోలో ఒక్క తోరణానికే మూడు సెకన్లంటే ఎక్కువ. మీ కస్టమరు "ఫాస్ట్‌గా రావాలి" అన్నది దిగే వేగం గురించి అయి ఉండదు. మొత్తం వరస పూర్తవడానికి పట్టే టైమ్ గురించి అయి ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఆ 15 ఫ్రేముల్ని ఎనిమిదికి తగ్గిస్తారు, ఆకులు రాళ్లు పడ్డట్టు పడతాయి. దిగడాన్ని అలాగే ఉంచి స్లైడర్‌ని 1 చేయండి. మొత్తం 35 ఫ్రేములు, ఒకటిన్నర సెకను లోపు. ఆకులు అంతే మెత్తగా దిగుతాయి, వరస మాత్రం అలలాగా పారుతుంది.

ఆకుల సంఖ్య మారుతూ ఉండే పనైతే నేను స్లైడర్‌లో ఆలస్యం బదులు మొత్తం వ్యవధిని పెడతాను. 40 ఫ్రేముల్లో అందరూ బయల్దేరాలి అనుకుంటే, ఒక్కొక్కరి ఆలస్యం 40 ఇంటూ ఎన్, బై మొత్తం సంఖ్యలో ఒకటి తక్కువ. 21 ఉన్నా 41 ఉన్నా తోరణం అదే టైమ్‌కి పూర్తవుతుంది. భాగిస్తే వచ్చేది పూర్తి ఫ్రేము కాకపోవచ్చు కాబట్టి రౌండ్ చేసుకోవడం మరచిపోకండి.

దీని విలువ నాకు ఒక పెళ్లి రాత్రి తెలిసొచ్చింది. అప్పటికి నేను కూడా చేత్తోనే జరిపేవాణ్ని. బంధువుల పేర్లు 26, ఒక్కొక్కటీ పక్కనుంచి జారి వచ్చేలా చేశాను. రాత్రి పదిన్నరకి పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేశారు. పెద్ద మేనమామ పేరు మరచిపోయాం, నాలుగో చోట రావాలి అన్నారు. పక్కన వాళ్లావిడ ఏడుస్తున్నట్టు వినబడుతోంది. నాలుగో చోట ఒక పేరు దూర్చాలంటే కింద ఉన్న 23 పేర్లనీ జరపాలి, టైమ్‌లోనూ, చోటులోనూ. తెల్లవారుజామున మూడింటికి అయింది. పొద్దున్న మండపంలో స్క్రీన్ మీద చూస్తే రెండు పేర్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అది నా తప్పే, నిద్రమత్తులో ఒక లేయర్ వదిలేశాను. ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు గానీ, ఆ రెండు పేర్లవాళ్లు స్క్రీన్ ముందు నిలబడి వెతుక్కోవడం చూశాను. ఆ రోజు నుంచి పేర్ల జాబితాలకి చోటు కూడా ఎక్స్‌ప్రెషనే: మొదటి పేరు ఎత్తు, ప్లస్ ఎన్ ఇంటూ లైన్ల మధ్య ఎడం. ఇప్పుడు నాలుగో చోట పేరు పెట్టడమంటే ఒక లేయర్ డూప్లికేట్ చేసి, లాగి, పేరు మార్చడమే.

ఆకు ఊగాలి కదా

తోరణం దిగి కర్రలా ఆగిపోతే ప్రాణం ఉండదు. ఆకు తన చోటికి రాగానే తొడిమ దగ్గర నుంచి ఊగి, నెమ్మదిగా కుదురుకోవాలి. దీనికి ముందు యాంకర్ పాయింట్ (లేయర్ ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో అది) ఆకు మధ్యలోంచి తొడిమ మొదలుకి, దారానికి తగిలే చోటుకి రావాలి. వై కీ నొక్కితే వచ్చే పనిముట్టుతో లాగండి. ఇది ఆకులు పేర్చడానికి ముందే, ఒక్క ఆకు మీద చేసి, దాన్నే డూప్లికేట్ చేసుకుంటే పని తగ్గుతుంది.

రొటేషన్‌కి ఇలా: ముందు పైన చెప్పిన పి, డి, ఎన్ లైన్లు మూడూ అలాగే. తర్వాత టి అంటే టైమ్ మైనస్ లీడర్ చివరి కీఫ్రేము టైమ్ మైనస్ ఎన్ ఇంటూ డి. అంటే ఈ ఆకు తన చోటికి చేరి ఎన్ని సెకన్లయింది అని. టి సున్నా కంటే తక్కువైతే వాల్యూ అలాగే ఉంచు. లేకపోతే వాల్యూ ప్లస్ 12 ఇంటూ సైన్ ఆఫ్ (టి ఇంటూ 1.5 ఇంటూ 2 ఇంటూ పై), మొత్తం బై ఎక్స్‌పొనెన్షియల్ ఆఫ్ (2.5 ఇంటూ టి). సైన్, పై, ఎక్స్‌పొనెన్షియల్ మూడింటికీ ముందు "మ్యాథ్ డాట్" ఉండాలి. 12 అన్నది ఊపు, డిగ్రీల్లో. 1.5 అన్నది సెకనుకి ఎన్నిసార్లు ఊగాలో. 2.5 ఎంత త్వరగా తగ్గాలో. రెండు సెకన్లలో ఊపు డిగ్రీలో పదో వంతు కంటే తక్కువకి వచ్చేస్తుంది, కంటికి ఆగినట్టే.

ఇక్కడ కొసైన్ వాడకండి. కొసైన్ సున్నా దగ్గర ఒకటితో మొదలవుతుంది, కాబట్టి ఆకు చేరగానే ఒక్కసారిగా 12 డిగ్రీలు పక్కకి ఎగిరిపడుతుంది. సైన్ సున్నాతో మొదలవుతుంది, అతుకు తెలియదు.

21 ఆకులూ సరిగ్గా ఒకేలా ఊగితే యంత్రంలా ఉంటుంది. నిజం తోరణాన్ని ఎప్పుడైనా గుమ్మం దగ్గర నిలబడి చూడండి. లేత ఆకు ఎక్కువ ఊగుతుంది, ముదురాకు బరువుగా కదులుతుంది. కాబట్టి ఆ 12 బదులు ర్యాండమ్ 8 నుంచి 14 మధ్య పెట్టండి. దానికి ముందు లైనులో సీడ్ ర్యాండమ్, బ్రాకెట్‌లో ఇండెక్స్ కామా ట్రూ అని తప్పకుండా ఉండాలి. ఆ ట్రూ లేకపోతే ప్రతి ఫ్రేముకీ కొత్త అంకె వస్తుంది, ఆకులు వణికిపోతాయి. ట్రూ పెడితే ఒక్కో ఆకుకి ఒక అంకె పడి అదే చివరిదాకా ఉంటుంది.

ఎడమ నుంచి కుడికేనా?

వరస అనగానే అందరూ ఒకటి రెండు మూడు అనే పెడతారు. నాకు ఆ వరస ఎంచుకోవడమే ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. తోరణానికి మధ్య నుంచి రెండు పక్కలకి విచ్చుకుంటే గుమ్మం తెరుచుకున్నట్టు ఉంటుంది. ఎన్ బదులు ఎన్‌కీ మధ్య ఆకు నంబరుకీ ఉన్న తేడాని తీసుకోండి, గుర్తు లేకుండా. మ్యాథ్ డాట్ ఏబీఎస్ ఆ పని చేస్తుంది. 21 ఆకుల్లో ఎన్ సున్నా నుంచి 20 దాకా కాబట్టి మధ్య 10. అప్పుడు పదేసి ఆకులు రెండు వైపులా ఒకేసారి పారతాయి, అన్నీ బయల్దేరడానికి పట్టే టైమ్ కూడా సగమవుతుంది.

ఇంకోటి దూరం. మా గజపతి జిల్లా మ్యాప్ మీద ఏడు బ్లాకులకి ఏడు చుక్కలు వెలగాల్సిన పని ఒకటి వచ్చింది. లేయర్ నంబర్ల ప్రకారం పెడితే ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి అక్కడ వెలుగుతూ కన్ను పరిగెత్తాల్సి వచ్చింది. నంబర్లు తీసేసి, ఆలస్యాన్ని పర్లాకిమిడి చుక్క నుంచి ఎంత దూరమో దాని ప్రకారం ఇచ్చాను. లెంగ్త్ అనే ఫంక్షన్‌కి రెండు పొజిషన్లు ఇస్తే మధ్య దూరం పిక్సెళ్లలో చెబుతుంది. దాన్ని 1200తో భాగిస్తే సెకనుకి 1200 పిక్సెళ్ల వేగంతో అల పాకినట్టు. పక్కనే ఉన్న గోసాని ముందు, ఉత్తరాన దూరంగా ఉన్న మోహన చివర. చెరువులో రాయి వేస్తే వలయం పాకినట్టు జిల్లా మొత్తం వెలిగింది. ఈ ఎక్స్‌ప్రెషన్ స్కేల్‌కీ ఒపాసిటీకీ పెట్టండి. చుక్కలు వాటి చోట్లలోనే ఉంటాయి కాబట్టి పొజిషన్ జోలికి పోనక్కర్లేదు.

తెలుగు, ఒడియా అక్షరాల దగ్గర జాగ్రత్త

మీరు అడగలేదు గానీ, ఇన్విటేషన్ అంటే తర్వాతి అడుగు పేర్లే కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లీషు ట్యుటోరియల్ చూసి టెక్స్ట్ యానిమేటర్‌లో అక్షరం వారీగా పెట్టేస్తే మన లిపులకి నప్పదు. "లక్ష్మి" అన్న పేరు అలా వేస్తే నా సిస్టమ్‌లో ఒత్తు విడిగా, ఒక ఫ్రేము వెనక గాల్లో తేలుతూ వచ్చింది. మనకి అక్షరమంటే "క్ష్మి" మొత్తం. డీటీపీ షాపులో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత ఫాంట్లు) చేసిన మ్యాటర్ అయితే ఇంకా కష్టం, అందులో తలకట్టు కూడా వేరే ముక్కే. ఒడియాకి ఆకృతి ఫాంట్లతోనూ ఇదే గొడవ. యూనికోడ్ ఫాంట్ తీసుకుని, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర దక్షిణాసియా లిపులకి సరిపోయే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని, యానిమేటర్‌ని పదాల వారీగా పెట్టండి. అక్షరం వారీగానే కావాలని పట్టుబడితే "ల" ఒక లేయర్, "క్ష్మి" ఒక లేయర్‌గా చేసి పైన చెప్పిన లీడర్ పద్ధతే వాడండి. పెళ్లికూతురి పేరు కదా, ఆ అరగంట కష్టపడొచ్చు.

ఎప్పుడు వద్దంటాను

అయిదారు లేయర్లుంటే చేత్తో జరపడమే మేలు. లేదంటే యానిమేషన్ మెనూలో కీఫ్రేమ్ అసిస్టెంట్ కింద సీక్వెన్స్ లేయర్స్ ఉంది, ఏ వరసలో సెలెక్ట్ చేస్తే ఆ వరసలో సర్దేస్తుంది. మళ్లీ మార్చే పని లేకపోతే అది చాలు. ఒక్కో ఆకుకి ఒక్కో రకమైన కదలిక కావాలన్నా ఎక్స్‌ప్రెషన్‌తో తంటాలు పడటం దండగ.

పాత ప్రాజెక్టు నుంచి తెచ్చిన ఎక్స్‌ప్రెషన్ ఎర్రర్ ఇస్తే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌ప్రెషన్స్ ఇంజిన్ ఏది ఉందో చూడండి. సీసీ 2019 నుంచి కొత్త జావాస్క్రిప్ట్ ఇంజిన్ వచ్చింది, పాతది లెగసీ పేరుతో ఉంది. ఇఫ్, ఎల్స్ ఒకే లైనులో సెమీకోలన్లు లేకుండా రాసినవి పాతదాంట్లో నడుస్తాయి, కొత్తదాంట్లో ఆగిపోతాయి. మీసాల బ్రాకెట్లు పెట్టి విడివిడి లైన్లుగా రాస్తే రెండింట్లోనూ నడుస్తుంది.

ఇక సిస్టమ్ స్లో సంగతి. మీరు పేస్ట్ చేసిన గొలుసు లైనే ఒక కారణం. 21వ ఆకు 20వదాన్ని అడుగుతుంది, అది 19వదాన్ని, అలా మొదటిదాకా. ఒక్క ఫ్రేముకి అన్ని ఆకులూ కలిపి 210 సార్లు అడుగుతాయి. లీడర్‌నే నేరుగా అడిగితే 21 సార్లతో సరి. మోషన్ బ్లర్ వేస్తే ఈ లెక్క ఫ్రేముకి చాలాసార్లు జరుగుతుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. ప్రివ్యూ చూసేటప్పుడు బ్లర్ ఆపేసి, రెండర్‌కి ముందు వేసుకోండి.

రెండో కారణం ఆకు బొమ్మ అయి ఉండొచ్చు. నా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో చాలాసార్లు ఇదే. నెట్‌లో దించిన మామిడాకు 4000 పిక్సెళ్ల పీఎన్‌జీ, తెరమీద కనబడేది 120 పిక్సెళ్లు. ఆ ఫైలుని ఫోటోషాప్‌లో 300కి తగ్గించి రీప్లేస్ ఫుటేజ్ కొట్టండి. స్కేలు, యాంకర్ పాయింట్ మళ్లీ సరిచూసుకోవాలి కాబట్టి ఇదీ ఆకులు పేర్చక ముందే చేయాల్సిన పని.

అన్నీ ఖాయమై, కస్టమరు ఓకే అన్నాక, పొజిషన్, రొటేషన్ రెండూ సెలెక్ట్ చేసి కీఫ్రేమ్ అసిస్టెంట్‌లో "కన్వర్ట్ ఎక్స్‌ప్రెషన్ టు కీఫ్రేమ్స్" చేస్తే ఫ్రేముకో కీఫ్రేము పడి, లెక్కలు కట్టే పని తప్పుతుంది. చేసే ముందు కాంప్‌ని డూప్లికేట్ చేసి, ఎక్స్‌ప్రెషన్లున్నది దాచి ఉంచండి. రాత్రి పదిన్నరకి ఫోన్ వస్తే తెరవాల్సింది అదే.

మీ కాంప్ సెకనుకి ఎన్ని ఫ్రేములదో, ఆకు బొమ్మ సైజు ఎంతో ఇక్కడే రాయండి. ఎర్రర్ వస్తే ఆ పసుపు పట్టీలో ఎన్నో లైను అని చెబుతోందో కూడా రాయండి, చూసి చెబుతాను.